మూతన్నర లెక్క

వానాకాలం పంట నడిమికి వచ్చిందంటే మండల కేంద్రంలో పురుగుమందుల దుకాణాల ముందు బండి ఆపడానికి చోటుండదు. కౌంటర్ దగ్గర వినిపించే మాటలు మాత్రం ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఒకటే. "సేటూ, పత్తికి పచ్చదోమ పడ్డది. మంచిగ పనిచేసే మందియ్యి." సేటు అరలోంచి ఒక సీసా తీస్తాడు. దానికి తోడు ఒక తెగులు మందు, ఒక టానిక్కు. మూడూ ఒకే కవర్లో పడతాయి. "ట్యాంకుకు మూతన్నర పొయ్యి. మూడూ కలిపి కొట్టు, దెబ్బకు పోతది." ఖాతాలో పద్దు పడుతుంది. సీసాకు రబ్బరు బ్యాండు వేసి తగిలించిన మడత కాగితాన్ని ఎవరూ విప్పరు. చాలాసార్లు అది అట్టపెట్టెలోనే ఉండిపోయి, సాయంత్రం కొట్టు ఊడ్చేటప్పుడు చెత్తలో కలుస్తుంది.

ఆ కాగితం రావడానికి ముందు చాలామంది చనిపోయారు. 1958లో కేరళలో, అప్పటి మద్రాసు రాష్ట్రంలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తిండి సరుకు, విషం ఒకే రవాణాలో పక్కపక్కనే రావడమే కారణం. ఆ తర్వాత పదేళ్లకు, 1968లో, క్రిమిసంహారకాల చట్టం వచ్చింది. 1971లో నిబంధనలు వచ్చాయి. సీసా మీద చీటీలో ఏముండాలో, లోపలి కరపత్రంలో ఏముండాలో అవే చెబుతాయి. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు, ఎలా కొట్టాలి, విషం ఎక్కితే కనిపించే లక్షణాలేమిటి, ప్రథమ చికిత్స ఏమిటి, విరుగుడు ఏమిటి, ఖాళీ డబ్బాను ఏం చేయాలి అన్నవన్నీ హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ఆ ప్రాంతపు భాషలోనూ ఉండాలి. అంటే మన దగ్గర అమ్మే సీసాకు తెలుగు కరపత్రం ఉండి తీరాలి.

సీసా ముఖాన మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. కింది సగం రంగు, పై సగం హెచ్చరిక. ఎరుపైతే పుర్రె గుర్తు, 'విషం' అన్న మాట. పసుపులో పుర్రె ఉండదు, 'విషం' అన్న మాట ఉంటుంది. నీలంలో 'ప్రమాదం', ఆకుపచ్చలో 'జాగ్రత్త'. ప్రయోగ జంతువుల్లో సగం చావడానికి ఒంటి బరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాముల మందు నోటి ద్వారా పోవాలన్నది ఈ రంగులకు ఒక ముఖ్యమైన కొలత. 50 లోపు సరిపోతే ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. అంటే రంగు చెప్పేది మనిషికి ఎంత ముప్పో. కానీ దుకాణాల దగ్గర దాన్ని పురుగు వైపు నుంచి చదువుతారు. "ఎర్రదైతే గట్టిగ కొడ్తది" అనుకుని అదే అడిగేవాళ్లున్నారు. ఆకుపచ్చ చూసి ఏమీ కాదులే అని ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోనివాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి కొడితే ఒంటికి ఏమవుతుందో, పూత మీది తేనెటీగలకు, చెరువులో చేపలకు ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. పట్నం పాఠకులు ఇది పల్లె గొడవ అనుకోవద్దు. వంటింటి గట్టు కింద ఉన్న బొద్దింకల స్ప్రే డబ్బాను ఒకసారి తిప్పి చూడండి. అక్కడా అదే గుర్తు ఉంటుంది.

ఇక మోతాదు సంగతి. పత్తిలో పచ్చదోమకు వాడే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందునే తీసుకుందాం. హెక్టారుకు 100 నుంచి 125 మిల్లీలీటర్లు, నీళ్లు 500 నుంచి 700 లీటర్లు అన్నది ఆమోదించిన మోతాదు. మన రైతుకు హెక్టారుతో పనేముంది? ఆయనకు తెలిసినవి ఎకరా, గుంట, సెంటు, వీపు మీద 16 లీటర్ల ట్యాంకు. లెక్క వేసి చూస్తే, 500 లీటర్లకు 125 మిల్లీలీటర్లు అంటే లీటరుకు పావు మిల్లీలీటరు, ట్యాంకుకు 4 మిల్లీలీటర్లు. మూతలో 10 మిల్లీలీటర్లు పడతాయనుకుంటే సేటు చెప్పిన మూతన్నర 15 అవుతుంది. దాదాపు నాలుగింతలు. పైగా ఒక కంపెనీ మూత ఇంకో కంపెనీ మూతంత ఉండదు. అయిదు చోట్ల గుణించి భాగించాల్సిన ఈ లెక్కను గట్టు మీద నిలబడి, తడి చేతులతో, తలనొప్పి మందు సీసా మీది అక్షరాలకన్నా చిన్న అక్షరాల్లోంచి ఏరుకుని రైతు వేసుకోవాలని మన వ్యవస్థ ఆశిస్తోంది. వేసుకోకపోతే నిరక్షరాస్యుడని, నిర్లక్ష్యమని అతని మీదే నింద.

ఇదే మందు మిరప మీద కొడితే కోతకు ముందు 40 రోజులు ఆగాలి. పచ్చిమిరప కోత వారం పది రోజులకోసారి ఉంటుంది. కోతలు మొదలయ్యాక ఆ మందు ముట్టుకోకూడదన్నదే దాని అర్థం. ఈ ఒక్క అంకె కౌంటర్ దగ్గర చెబితే రైతు వేరే మందు అడుగుతాడు. చెప్పరు. కాయ సంతకు పోతుంది, అక్కడి నుంచి మన పళ్లేల్లోకి వస్తుంది.

చట్టం మాటేమిటి? అమెరికాలో ప్రతి పురుగుమందు చీటీ మీదా ఒక హెచ్చరిక ఉంటుంది. ఇందులో రాసినదానికి భిన్నంగా వాడటం ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించడమేనని దాని సారాంశం. మన చట్టం 38వ సెక్షన్ మాత్రం సొంత సాగు భూమిలో, ఇంట్లో, పెరటి తోటలో వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చింది. చట్టం పట్టుకునేది తయారుచేసేవాణ్ని, అమ్మేవాణ్ని. ఇది లోపమని కొందరంటారు. నాకైతే అలా అనిపించదు. అప్పు మీద సాగు చేసే కౌలు రైతుకు జరిమానా వేస్తే పంట బాగుపడదు. అయితే రైతు తప్పించుకున్నట్టూ కాదు. ఒక పంట మీద దానికి నమోదు కాని మందు కొడితే, విడిగా పరిమితి పెట్టని కూరగాయలో కిలోకు 0.01 మిల్లీగ్రాము మించి అవశేషం ఉండకూడదన్నది ఆహార భద్రతా నిబంధన. అంటే లేనట్టే లెక్క. ఎగుమతి సరుకు తిప్పి పంపితే ఆ నష్టం చివరికి యార్డులో ధర తగ్గి రైతు మీదకే వస్తుంది.

మినహాయింపు ఇచ్చిన చట్టం ఒక మనిషిని మరిచిపోయింది. మందు కొట్టేది చాలా చోట్ల భూమి ఉన్న రైతు కాడు, కూలీ. కూలి లెక్క ట్యాంకుల మీద. ఎన్ని ట్యాంకులు ఎక్కువ కొడితే అన్ని డబ్బులు, కాబట్టి గాలి ఎటు వీస్తోందని ఆగేది లేదు, నీడకు కూర్చునేది లేదు. సీసా రైతు దగ్గర ఉంటుంది. కూలీకి కలిపిన ట్యాంకే అందుతుంది. వీపు మీద ఏముందో, అది ఎరుపో నీలమో, చెమట పట్టి నోట్లో నీళ్లూరి చూపు మసకబారితే అది ఎండ దెబ్బో విషమో అతనికి చెప్పేవాళ్లుండరు. 2017లో మన ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల ఉన్న యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొట్టినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కూలీలు ఎందరో ఉన్నారు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది, మందు ముఖాన పడింది, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. అలా కలిపి కొట్టమని ఏ చీటీ మీదా లేదు. కౌంటర్ మీది నుంచి వచ్చిన మాట అది.

ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కూడా సీసా ఇంటి దగ్గరే ఉండిపోతుంది. డాక్టర్ అడిగితే "ఏదో పురుగుమందు" అంటారు బంధువులు. ఆర్గానోఫాస్ఫరస్ మందైతే అట్రోపిన్‌తో ప్రాణం నిలబెట్టే వీలుంది. పారాక్వాట్ అయితే విరుగుడే లేదు. ఏది లోపలికి పోయిందో తెలియకపోతే వైద్యం చీకట్లో తడుములాటే. మనిషితో పాటు సీసా కూడా ఆటో ఎక్కాలి. ఖాళీ అయ్యాక దాన్ని కడిగి నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి పనికిరాకుండా చేయాలి. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. పురుగుమందు డబ్బా ఇంట్లోకి రాకూడదనడానికి ఇంతకన్నా ఏం చెప్పాలి?

కల్తీని పట్టుకోవడానికి కూడా చీటీయే తొలి ఆధారం. నమోదైన ప్రతి పురుగుమందు మీదా 'సీఐఆర్' అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను తినేసినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'బయో' పేరుతో ఎన్నో సీసాలు అమ్ముడుపోయాయి. పురుగును చంపుతుందని చెప్పి అమ్మేదాని మీద సీఐఆర్ నంబరు లేకపోతే కొనొద్దు. నంబరు ఉన్నా బిల్లు తీసుకోకుండా కదలొద్దు. బిల్లు ఇవ్వడం అమ్మేవాడి ఇష్టం మీద లేదు, నిబంధనే ఇవ్వమంటోంది. పంట దెబ్బతిన్న రోజున రైతు చేతిలో మిగిలేది ఆ కాగితం ఒక్కటే.

"అదంతా చదువుకుంటూ కూర్చుంటే తెల్లారేసరికి తోట ఉండదు" అంటాడు రైతు. ఆ మాట అబద్ధం కాదు. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే కొట్టులో అప్పు మీద తెచ్చుకున్నవాడు ఆ సేటు మాట కాదని కరపత్రం మాట వినడం కూడా అంత తేలిక కాదు. అందుకే ముందు కదలాల్సింది అమ్మే వైపు. డీలర్లకు వ్యవసాయ పాఠాలు చెప్పడానికి రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లోనే 'దేశీ' డిప్లొమా మొదలుపెట్టింది. ఆ చదువు కౌంటర్ దగ్గర కనిపించాలి. బిల్లు మీద పంట పేరు, పురుగు పేరు, ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లో రాసివ్వమంటే తప్పుడు సలహా అక్కడే సగం ఆగుతుంది. చేతిరాతతో ఇచ్చిన సలహాకు రేపు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది కదా.

కంపెనీలు చేయాల్సిన పని ఇంకా సులువు. ఎకరాకు ఎంత, 16 లీటర్ల ట్యాంకుకు ఎంత, కోతకు ముందు ఎన్ని రోజులు అనే మూడు అంకెలను సీసా ముఖం మీదే పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చు వేయాలి. గీతలున్న కొలత మూత ఇవ్వాలి. పిల్లల దగ్గు మందుకు ఇస్తున్నారు, విషానికి ఇవ్వడానికి అడ్డేమిటి? 1968 చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2008లో ఒకసారి, 2020లో ఒకసారి రాజ్యసభలో బిల్లులు పెట్టారు. కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నిబంధన మారిస్తే చాలు.

కూలీని పెట్టుకున్న రైతు మీద ఒక బాధ్యత ఉంది. దానికి చట్టం అక్కర్లేదు. పంపు వీపుకెత్తే ముందు సీసా అతని చేతికివ్వండి. చదవలేకపోతే చదివి వినిపించండి. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, సబ్బు, చేయి కడుక్కోవడానికి బిందెడు నీళ్లు గట్టు మీద పెట్టండి. ఎదురుగాలిలో కొట్టించకండి. ఇవన్నీ కరపత్రంలో ఉన్నవే. ట్యాంకుకు ఇంతని కూలి మాట్లాడుకునేటప్పుడు అతను కూడా ఒక మాట అడగాలి: "మందేంది, ఏ రంగు?" జవాబు చెప్పలేని రైతు పొలంలో ఆ పూట పంపు ఎత్తుకోకపోవడం అతని హక్కు.