యంత్రం మొరాయిస్తే చుక్కాని పట్టేదెవరు?

ప్రొద్దుటూరు: సముద్రం ఎరుగని సీమలో తెరచాప పడవ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాని ప్రొద్దుటూరు షెడ్డులో ట్రాక్టరు స్టీరింగు బాగుచేయించుకునే రైతుకూ, నడిసముద్రంలోని నావికునికీ చిక్కు ఒక్కటే. తిప్పినప్పుడు తిరగకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

2017 సెప్టెంబరు 10న నౌకాదళపు తెరచాప పడవ ‘తారిణి’లో ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ అమెరికా కొసన ఉండే భీకరమైన సముద్రాన్ని దాటివచ్చిన ఆ పడవ, తీరా ఇంటిదారి పట్టాక చుక్కాని యంత్రాంగం చెడి మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. మరమ్మతు జరిగాక 2018 మే 21న, 254 రోజులకు గోవా చేరింది.

రాత్రింబవళ్లు చుక్కాని పట్టడం మనిషికి సాధ్యం కాదు. అందుకే రెండు రకాల సాధనాలు వచ్చాయి. ఆటోపైలట్ దిక్సూచిని అనుసరించి మోటారుతో చుక్కానిని తిప్పుతుంది. దీనికి బ్యాటరీ కావాలి. రెండవది గాలిరెక్క. గాలి వాలును బట్టి పడవను నడుపుతుంది; కరెంటు అక్కరలేదు. అయితే గాలి మళ్లితే పడవా మళ్లుతుంది. దూరప్రయాణానికి రెండూ ఉండడం మేలు.

కొనేటప్పుడు పడవ పొడవు ఒక్కటే చూస్తే చాలదు. సామాను, నీళ్లు నింపిన తర్వాతి బరువును బట్టి యంత్రాన్ని ఎంచుకోవాలి. మోటారును చుక్కాని ఇరుసుకే నేరుగా బిగిస్తే, చక్రం నుంచి వచ్చే తీగ తెగినా పడవను తిప్పవచ్చు.

కొన్న తర్వాత అసలు పని మొదలవుతుంది. తీగను గుడ్డతో తుడిస్తే తెగిన పోగు దానికి తగులుకుని బయటపడుతుంది. కప్పీలు, బోల్టులు, నూనె కారడం, ఉప్పుకు చిలుమెక్కిన వైర్లు చూసుకోవాలి. తెరచాపలు సరిగా అమర్చకపోతే యంత్రం ఊరకే అలసిపోతుంది. ముందు బరువు ఎక్కువైన బండికి ఎద్దుల మెడలు కాయలు కాచినట్లే ఇదీను. వీటన్నిటికీ మించి, చక్రం పనిచేయనప్పుడు తగిలించే చేతి చుక్కానిని తీరంలోనే ఒకసారి బిగించి చూడాలి.

2022లో ఫ్రాన్సులో మొదలైన ఒంటరి భూప్రదక్షిణ పందెంలో ఆటోపైలట్ నిషిద్ధం. గాలిరెక్క పాడైనప్పుడు అభిలాష్ టామీ మరుగుదొడ్డి తలుపును కోసి బాగుచేసుకుని, 2023 ఏప్రిల్‌లో రెండవ స్థానంలో వచ్చారు. ఉన్న సామానుతో బాగుచేసుకోగల సాధనమే ఆయనను గట్టెక్కించింది.

ఇది సముద్రానికే పరిమితమైన పాఠం కాదు. జమ్మలమడుగు దగ్గర గండికోటలో గాని, పులివెందుల వైపు పార్నపల్లెలో గాని విహారానికి పడవ ఎక్కేవారు లైఫ్ జాకెట్‌తోపాటు ఇంకొక్క మాట అడగాలి: “స్టీరింగు పట్టేస్తే దారేమిటి?” దానికి జవాబు గట్టునే దొరకాలి.