కుండ బొమ్మకి మొక్కితే రంగు మారుతుందా?

నేనుండేది రాయ్‌పూర్ పండరీలో. పక్కనే బట్టల బజారు. మొన్న ఒక దుకాణంలో ముదురు ఎరుపు దుప్పటి పరిచి, "అంకుల్‌జీ, ఇందులో కెమికల్ అసలు లేదు" అన్నాడు. నూలు కూడా రసాయనమే బాబూ అనబోయి ఊరుకున్నాను. రసాయనమంటే విషం, ప్రకృతి అంటే అమృతం అనే మూఢనమ్మకం మీద మనవాళ్లు చాలానే రాశారు. ఈసారి మనలోనే ఉన్న ఇంకో నమ్మకం గురించి రాస్తాను.

"కర్ర పట్టుకోనక్కర్లేదు. నాలుగు ప్రోత్సాహకాలిస్తే పరిశ్రమే సురక్షితమైన కొత్త రసాయనాలు తయారుచేస్తుంది" అంటున్నారు కొందరు మిత్రులు. దేవుడికి రుజువు అడిగే మనం దీనికి అడగొద్దా?

ఆ ఎరుపు సంగతే చూద్దాం. 1895లో లూడ్విగ్ రెన్ అనే ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ కేన్సర్లని బయటపెట్టాడు. బెంజిడిన్ లాంటి అమీన్లు ఈ కేన్సర్ తెస్తాయని తర్వాత తేలింది. కొన్ని అజో రంగులు శరీరంలో విడిపోయి ఈ అమీన్లనే విడుదల చేస్తాయి. బ్రిటన్ బెంజిడిన్ తయారీని ఆపింది 1967లో. అలాంటి రంగులద్దిన బట్టల్ని జర్మనీ నిషేధించింది 1994లో. రెన్ హెచ్చరిక తర్వాత 99 ఏళ్లు! అంతరాత్మ మేలుకోవడానికి ఆ గడువు చాలలేదా?

జర్మనీ తలుపు మూయగానే మన ఎగుమతిదారులు ల్యాబ్ రిపోర్టుల కోసం పరుగులు తీశారు. 1997లో మన ప్రభుత్వం 70 అజో రంగుల్ని నిషేధించింది. బట్టలేమీ తెల్లబడిపోలేదు. వేరే రంగులొచ్చాయి.

మరి స్వచ్ఛంద మార్గం? 1991లో కేంద్రం ఎకోమార్క్ పెట్టింది. పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకు మీద మట్టికుండ బొమ్మ. బట్టలూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇష్టమైనవాళ్లు తీసుకోవచ్చు. స్పందన అంతంతమాత్రం. 2024లో కొత్త నియమాలు రాయాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఆ కుండ బొమ్మ ఉన్న సరుకు ఒక్కటి వెతకండి చూద్దాం.

అమెరికాని చూడమంటారు. చూద్దాం. అక్కడ 1976 చట్టం ప్రకారం కొత్త రసాయనం తయారుచేసే ముందు 90 రోజుల నోటీసు ఇవ్వాలి. 2002లో మొదలైన స్వచ్ఛంద పథకంలో, హానిని ముందే అంచనా వేసుకుని వచ్చిన కంపెనీకి 45 రోజులకే దారి వదిలే వీలు కల్పించారు. మంచి ఆలోచనే, నేను కాదనను. కానీ ఆ 90 రోజుల చట్టం లేకపోతే తగ్గించడానికి ఏముంది? ధరే లేని సరుకు మీద డిస్కౌంటా?

ఇంకో తిరకాసు. అదే చట్టం సుమారు 62,000 పాత రసాయనాల్ని పరీక్ష లేకుండానే లోపలికి రానిచ్చింది. కొత్తవాడికి గేటు దగ్గర తనిఖీ, పాతవాడికి సలాం! 2016లో చట్టం సవరించి పాతవాటినీ వరసలో పరీక్షించమన్నారు. సురక్షితమైన కొత్త రసాయనానికి అసలైన ప్రోత్సాహకం అదీ.

మన దగ్గర పురుగుమందులకి 1968 నాటి చట్టం ఉంది. పారిశ్రామిక రసాయనాల నియమాల ముసాయిదా మాత్రం 2020లో తయారై ఏళ్ల తరబడి ఫైళ్లలో నలిగింది.

నేను కామర్స్ చదివి రక్షణ శాఖ లెక్కల్లో రిటైరైనవాణ్ణి. ఆదాయం ఏ సంవత్సరానిదో దాని ఖర్చూ ఆ సంవత్సరం పద్దులోనే రాయాలని మాకు మొదట్లోనే నేర్పుతారు. రంగు అమ్మిన లాభం ఈ ఏడాది కంపెనీ పద్దులో పడుతుంది. కేన్సర్ ఖర్చు ఇరవై ఏళ్ల తర్వాత అద్దకపు కార్మికుడి ఇంటి పద్దులో పడుతుంది. ఈ తప్పుడు పద్దుని సరిచేసేది చట్టం. బతిమాలుడు కాదు.

చిన్న అద్దకందారు పరీక్షల ఖర్చు భరించలేడంటారా? నిజమే. ఆ ఖర్చు ప్రభుత్వం పంచుకోవాలి. రాయితీలూ ఇవ్వాలి. కానీ పరీక్షలు తప్పనిసరి కావాలి, ఫలితాలు అందరికీ కనబడాలి, అబద్ధం తేలితే రాయితీ వెనక్కి రాబట్టాలి. మా ఆఫీసులో ప్రయాణపు అడ్వాన్సు తీసుకుని బిల్లు పెట్టనివాడికి జీతంలో కోత పడేది. జవానుకో న్యాయం, కంపెనీకో న్యాయమా?

చట్టం లేకుండా, బజారు మూయకుండా, కేవలం ప్రోత్సాహకం చూసి లాభమిచ్చే రసాయనాన్ని పరిశ్రమ మొత్తంగా వదిలేసిన ఉదాహరణ ఒక్కటి చూపించండి. నా పద్దు తప్పని ఎర్రసిరాతో రాసి సంతకం పెడతాను.