ప్రభుత్వ ఇల్లు, పొరుగూరి మనిషి

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి దొరకడం కష్టం. కువైట్‌లోనో మస్కట్‌లోనో పరాయి ఇంట్లో వంట చేసి, వాళ్ల పిల్లల్ని సాకి, ఆడవాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ తాటాకు పాకల చోట డాబాలు లేచాయి. ఇదే కోనసీమకు సార్వా నాట్ల కాలంలో పశ్చిమ బెంగాల్ నుంచి కూలీలు దిగుతున్నారు. రొయ్యల చెరువుల మీద పనికి శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ మనుషులు వస్తున్నారు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే కాలవగట్టు దారిన ఎదురుపడే నేల ఇది. పరాయి ఊళ్లో తలదాచుకోవడం ఎంత కష్టమో ఈ నేలకు ఒకరు చెప్పనక్కరలేదు.

ప్రజల సొమ్ముతో కట్టే చౌక ఇళ్లలో వలస వచ్చినవాళ్లకు చోటుండాలా అన్నది లండన్‌లో, వియన్నాలో, వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి సాగుతున్న వాదం. మనకది దూరపు వార్తలా ఉంటుంది. నిజానికి అదే వాదం మన రాష్ట్రంలో సుప్రీంకోర్టు గడప దాకా వెళ్లింది. 2020 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం అమరావతిలోని 1,251 ఎకరాలను విజయవాడ, గుంటూరు, మంగళగిరి, తాడేపల్లి తదితర చోట్ల ఉన్న 54 వేల మంది పేదలకు ఇళ్ల స్థలాలుగా ఇస్తానంది. హైకోర్టు ఆపింది. తర్వాత రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టాన్ని సవరించారు, పేదల ఇళ్ల కోసం ఆర్-5 జోన్ తెచ్చారు. 2023 మే 17న సుప్రీంకోర్టు షరతులతో ఒప్పుకున్నాక మే 26న 50,793 మందికి పట్టాలు పంచారు. ఆగస్టు 3న ఇళ్ల నిర్మాణం మీద హైకోర్టు స్టే ఇచ్చింది.

ఆ వాదంలో రెండు వైపులా బలముంది. రాజధాని కోసమని పొలాలిచ్చిన రైతులు, మాకు చూపించిన మాస్టర్ ప్లాన్ మార్చి బయటివాళ్లకు పంచడం ఏమి న్యాయమన్నారు. రాజధానిలో పేదవాడు బతకకూడదా అని ప్రభుత్వం అడిగింది. కానీ పట్టా అందుకున్న ఆ అమ్మ ఏ ఊళ్లో పనిచేస్తోంది, ఎన్నేళ్లుగా అక్కడ అద్దెకుంటోంది, ఈ స్థలంలో ఇల్లు కట్టుకుంటే రోజూ పనికెలా వెళుతుంది అన్న ప్రశ్నలు రెండు పక్షాల వాదంలోనూ వెనకబడిపోయాయి. హైదరాబాదులోనూ ఇలాగే జరిగింది. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను నగరంలోని పేదలకు కేటాయిస్తే, మా నేల మీద కట్టి మాకివ్వరా అని స్థానికులు నిలదీశారు. నగరం బయట కట్టిన కాలనీల్లో పది శాతం, వెయ్యి ఇళ్లకు మించకుండా, స్థానికులకన్న సర్దుబాటు అలా వచ్చింది. సర్దుబాటు మంచిదే. ముందు తగువు, తర్వాత నియమం అన్నదే మన పద్ధతిలోని లోపం.

కోనసీమలో ఈ తగువు చిన్న కొలతలో ఉంటుంది గాని ఉండటం మాత్రం ఉంది. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పథకంలో పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు చొప్పున రాష్ట్రమంతటా ముప్ఫై లక్షలకు పైగా పట్టాలన్నారు. ఇప్పటి ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు అంటోంది. కొబ్బరితోటల మధ్య సెంటు భూమి ధర ఎంతో ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే దొరికేది చాలాచోట్ల పల్లం. మెరక చేస్తే తప్ప పునాది పడదు. ఊళ్లో భూమి దొరక్కపోతే పక్క ఊళ్లో చూస్తారు. అమలాపురం పట్టణ పేదలకు టిడ్కో ఇళ్లు కట్టింది అల్లవరం మండలం బోడసకుర్రులో. రెండు ఊళ్ల మధ్య దూరం కొద్దిపాటిదే అయినా, పట్నంలో పాచిపని చేసే మనిషికి ఆటో ఖర్చు రోజువారీ లెక్క. సొంత జిల్లాలోనే పేదవాడు పొరుగూరి మనిషయ్యాడు.

ఇక వియన్నా సంగతి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఆ నగరం నిండా ఇల్లులేని జనం. 1923లో నగరపాలక సంస్థ ఇళ్ల మీద ప్రత్యేక పన్ను వేసింది. చిన్న వాటాలో ఉండేవారికి నామమాత్రం, విలాస భవనాలవారికి మోపెడు. ఆ సొమ్ముతో 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. అమ్మలేదు. అదే అసలు కిటుకు. ఇవాళ ఆ నగరపాలక సంస్థ చేతిలో దాదాపు 2 లక్షల 20 వేల ఇళ్లున్నాయి. లాభాపేక్ష లేని సంఘాలు కట్టినవి కూడా కలిపితే నగర జనాభాలో సగం మంది ఏదో ఒక రకం సబ్సిడీ ఇంట్లో ఉంటున్నారు. ఒక కుటుంబం ఖాళీచేస్తే ఇల్లు మళ్లీ నగరానిదే, వరుసలో ఉన్న తర్వాతి కుటుంబానికి వెళుతుంది.

ఇంత చేసిన వియన్నా కూడా వలస వచ్చినవాడి విషయంలో చాలాకాలం తలుపు వేసే ఉంచింది. టర్కీ నుంచి, యుగోస్లావియా నుంచి 1960ల్లో పిలిపించుకున్న కార్మికులు నగరానికి పన్ను కట్టారు, దాని రోడ్లు వేశారు. కానీ పౌరసత్వం లేనందువల్ల నగరపాలక ఇళ్లు వాళ్లకు దాదాపు అందలేదు. పాత ప్రైవేటు భవనాల్లో, సరైన మరుగుదొడ్డి కూడా లేని గదుల్లో, ఎక్కువ అద్దెకు బతికారు. ఐదేళ్లుగా చట్టబద్ధంగా నివసిస్తున్న విదేశీయుల్ని ఇళ్ల విషయంలో పౌరులతో సమానంగా చూడాలన్న ఐరోపా సమాఖ్య ఆదేశం వచ్చాక, 2006లో తలుపు తెరుచుకుంది. వెంటనే వ్యతిరేకత లేచింది. మావాళ్ల ఇళ్లు విదేశీయులకా అన్న నినాదం ఎన్నికలెక్కింది.

నగరం ఆ కోపాన్ని కొట్టిపారేయలేదు, దానికి లొంగిపోనూ లేదు. దరఖాస్తుకు ముందు రెండేళ్లు నగరంలో స్థిరంగా ఉండాలన్న షరతు ఉంది. 2015లో దానికి మరొకటి చేర్చారు. ఐదేళ్లు, పదేళ్లు, పదిహేనేళ్లుగా వియన్నాలో ఉంటున్నవారిని ఒక్కో మెట్టుకు మూడు నెలల చొప్పున వరుసలో ముందుకు జరిపారు. ఈ లెక్క అక్కడ పుట్టినవాడికీ ఇస్తాంబుల్ నుంచి వచ్చినవాడికీ ఒకటే. పాతకాపుకు తాను ఉన్న ఏళ్ల విలువ దక్కింది, కొత్తగా వచ్చినవాడికి తన వంతు ఎప్పుడొస్తుందో తెలిసింది. తగువు పూర్తిగా చల్లారిందని అనను. ఆ తగువు ఏళ్ల మీద నడుస్తుంది, రక్తం మీద కాదు. నాకు నచ్చిన తేడా అది.

సింగపూర్ ఇంకో దారి పట్టింది. అక్కడి గృహనిర్మాణ బోర్డు 1960లో మొదలైంది. నివాసుల్లో నూటికి దాదాపు 77 మంది ఆ బోర్డు కట్టిన ఇళ్లలోనే ఉంటారు. కొత్త ఇల్లు నేరుగా కొనాలంటే కుటుంబంలో ఒకరైనా పౌరులై ఉండాలి. శాశ్వత నివాస హోదా ఉన్న కుటుంబం మూడేళ్లు ఆగాక పాత ఇల్లు కొనుక్కోవచ్చు. మలేసియా వారు మినహా అలాంటి పౌరేతర కుటుంబాలు ఒక బ్లాకులో 8 శాతం, ఒక పేటలో 5 శాతం దాటకూడదని 2010లో హద్దు పెట్టారు. ఎవరికి ఏది దక్కుతుందో ముందే రాసి ఉండటం మెచ్చుకోదగ్గది. కానీ మన జిల్లాల నుంచి వెళ్లిన నిర్మాణ కూలీకి ఆ ఇళ్లలో అద్దెకుండే వీలు కూడా లేదు. అతని చోటు డార్మిటరీ. 2020 కరోనా కాలంలో అక్కడి డార్మిటరీల్లో మూడు లక్షలకు పైగా కార్మికులున్నారు. మొదటి ఏడాది ఆ దేశంలో నమోదైన కేసుల్లో అత్యధికం వాళ్లవే. ఆ దెబ్బకు ప్రమాణాలు మార్చారు. కొత్త డార్మిటరీలో ఒక గదికి 12 మందికి మించకూడదు, మనిషికి కనీసం 4.2 చదరపు మీటర్లు, అంటే సుమారు 45 చదరపు అడుగులు. మనిషిని ఊరికి దూరంగా కట్టిపెట్టడం అనుసరించదగ్గ పద్ధతి కాదు. తప్పు తెలిశాక అడుగుల లెక్కన దిద్దుకోవడం మాత్రం నేర్చుకోదగ్గదే. కువైట్‌లో అలాంటి దిద్దుబాటు ఆలస్యమైంది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు కిక్కిరిసి ఉన్న భవనం కాలి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు.

గోదావరి జిల్లాలకు ఈ కథ కొత్త కాదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన మన తాతలు అక్కడి ఓడరేవులో బస్తాలు మోశారు. 1931 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. కూలీల మేస్త్రీ అద్దెకు తీసుకున్న గదుల్లో, పట్టేదానికి మించి మనుషుల్ని కుక్కేవారు. వాళ్లకోసం ఎవరూ ఇల్లు కట్టలేదు. ఊరిలో కలవని, కలవనివ్వని మనుషులు పని దగ్గర మాత్రం స్థానికుడికి పోటీగా కనిపించారు. 1930 మే నెలాఖరులో తెలుగు రేవు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య పని విషయంలో మొదలైన గొడవ నగరమంతా రక్తం పారించింది. దానికి కారణం ఇల్లు ఒక్కటే కాదు. కానీ విడిగా కుక్కిపెట్టిన జనం మీద అనుమానం ఎంత తేలిగ్గా అంటుకుంటుందో రంగూన్ చూపించింది.

అమెరికా పద్ధతిలో ఒక అంశం మన గల్ఫ్ కుటుంబాలకు పనికొస్తుంది. 1980 నాటి చట్టం అక్కడి గృహ సహాయాన్ని పౌరులకు, కొన్ని రకాల వలసదారులకు పరిమితం చేసింది. హెచ్-1బీ మీద వెళ్లిన మనవాళ్లకు అది వర్తించదు. అయితే ఒకే ఇంట్లో అర్హులూ అనర్హులూ కలిసి ఉంటే కుటుంబాన్ని మొత్తంగా కొట్టేయరు. అర్హులెందరో లెక్కగట్టి ఆ మేరకే సహాయమిస్తారు. 2019లో ఈ వెసులుబాటు ఎత్తేయాలని ప్రతిపాదన వచ్చింది. అలా చేస్తే 55 వేల మంది పిల్లలు ఇల్లు కోల్పోవచ్చని అక్కడి గృహనిర్మాణ శాఖ లెక్కే చెప్పింది. 2021లో ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర పట్టా ఇంటి ఆడపడుచు పేరున ఇస్తారు. అది మంచి నియమం. ఆ ఆడపడుచు కువైట్‌లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా ఉంటే వేలిముద్ర ఎవరు వేయాలి? ఇంటికి తాళముందని సర్వే చేసినవాళ్లు రాసుకుపోతే ఆ పేరు ఏమవుతుంది? అక్కడ ఆమె పరాయిది. ఇక్కడ జాబితాలో లేనిది. ఇంట్లో ఉన్న భర్తో, తల్లో ఆమె తరఫున నిలబడేలా ఒక పత్రం చాలు.

ఇంత దూరం వెళ్లనక్కరలేకుండా కేరళ ఉంది. పాలక్కాడ్ జిల్లా కంజికోడ్ పారిశ్రామిక వాడలో 2019లో ‘అప్నా ఘర్’ పేరుతో 620 మంది వలస కార్మికులకు ప్రభుత్వ హాస్టల్ తెరిచారు. వంటగదులు, భోజనశాలలు, మరుగుదొడ్లు అన్నీ ఉన్నాయి. సొంతం చేసే ఇల్లు కాదది, పనిచేసినంతకాలం కొద్దిపాటి అద్దెకు ఉండే చోటు. కేరళలోని వలస కార్మికుల సంఖ్య ముందు 620 ఎంతో చిన్నది. అయినా స్థానికుడి ఇల్లు ఎవరూ లాక్కోలేదు, బెంగాలీ కూలీ షెడ్డులో పడుకోలేదు. మన చెరువు గట్ల మీద మోటారు షెడ్డు పక్కన రేకుల కింద సంసారం చేసేవాళ్లను చూశాక ఈ తేడా గట్టిగా తగులుతుంది. వలస కార్మికుడికి తగిన వసతి కల్పించే బాధ్యత గుత్తేదారుదేనని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది. కాగితం మీద మనం ఆనాడే వెనకబడి లేము.

మనకు చేతకాదనే మాటా నిజం కాదు. 2019 ఆగస్టులో రేషన్ కార్డు రాష్ట్రం దాటి పనిచేయడం మొదట మొదలైన జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. అమలాపురం కార్డుతో హైదరాబాదులో బియ్యం తీసుకోవడం ఇవాళ ఎవరికీ వింత కాదు. బియ్యం మనిషి వెంట వెళ్లగలిగింది, నీడ వెళ్లలేకపోతోంది. కారణం, ప్రభుత్వ ఇల్లంటే మనకు పట్టా ఒక్కటే. ఇస్తే శాశ్వతంగా ఇవ్వాలి, లేకపోతే ఏమీ లేదు. శాశ్వతంగా ఇచ్చేదైతే స్థానికుడు గట్టిగా పట్టుకోవడం సహజమే, ఆ పట్టుదలను నేను తప్పుపట్టను. ఆ ఒక్క తలుపు పక్కన అద్దె అనే రెండో తలుపు ఉంటే సగం తగువు పుట్టదు. 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది. అమలాపురం లాంటి పట్టణానికి అలాంటి భవనం ఒక్కటి వచ్చినా, నాట్లకూ చెరువులకూ కట్టుబడికీ వచ్చే మనుషులకు నిలవనీడ దొరుకుతుంది. ఖర్చులో రొయ్యల రైతూ ఇటుక బట్టీ యజమానీ పాలుపంచుకోవచ్చు. మనిషి నిలబడితే వాళ్ల పనీ నిలబడుతుంది.

పట్టా విషయంలో వియన్నా లెక్క తెచ్చుకోవచ్చు. ఈ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారో చెప్పడానికి పిల్లల బడి రిజిస్టరు, ఓటరు జాబితా, అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు చాలు. పదేళ్లుగా అద్దె గదిలో ఉంటూ అల్లవరం చెరువుల మీద పనిచేసే శ్రీకాకుళం కుటుంబం, నిన్న వేరుపడి కొత్త కార్డు తెచ్చుకున్న ఊరి కుటుంబం కంటే వెనకే ఉండాలా? ఉండాలని ఊరంతా అనుకుంటే అదైనా ముందే రాసి పెట్టాలి. గల్ఫ్‌లో గడిపిన ఏళ్లను గైర్హాజరుగా కాక నివాసంగానే లెక్కేయాలి. ఎందుకంటే ఆ డబ్బుతోనే ఈ ఊళ్లు మెరకెక్కాయి.

అర్హుల జాబితాను సచివాలయం గోడకు అంటించే అలవాటు మనకుంది. ఈసారి జాబితా అంటించినప్పుడు పేర్లతో పాటు ప్రతి పేరు ఎదుటా ఎన్నేళ్ల నివాసం, వరుసలో ఎన్నో స్థానం అన్న రెండు గళ్లు కూడా రాయమని గ్రామసభలో లేచి అడగండి. మీ వీధి నుంచి కువైట్ వెళ్లిన ఆడపడుచు పేరు అందులో లేకపోతే ఆమె తరఫున మీరే అర్జీ పెట్టండి. చెరువు గట్టు మీది కుటుంబం పేరు లేకపోయినా అంతే.