ఇంటి కార్ఖానా: కొలత చెప్పిన మాట

గత సంచికలో కుళాయిల మరమ్మతు గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి కొంచెం పెద్ద పని: తోట దున్నే చిన్న టిల్లరు ఇంజనును ఇంటి వరండాలో విప్పి, తిరిగి బిగించడం. ఈ పనిలో నేను మొదట ఓడిపోయాను. ఆ ఓటమినీ దాచకుండా చెబుతాను. పాఠకులకు అదే ఎక్కువ ఉపయోగపడవచ్చు.

మా బావగారు మన కర్మాగారంలోనే పనిచేసి పదవీ విరమణ చేశారు. శ్రీకాకుళం జిల్లా రైతుబిడ్డ కావడం వల్ల ఖాళీగా కూర్చోలేక, శివనాథ్ నది ఒడ్డున కొంత నేల కౌలుకు తీసుకొని కూరగాయలు పండిస్తున్నారు. కిందటి రోహిణి కార్తెలో ఆయన టిల్లరు నీలిపొగ వదలడం మొదలుపెట్టింది. స్టార్టరు తాడు లాగితే చేతికి బరువే తెలియడం లేదు. బజారులో చూపిస్తే కొత్త ఇంజను కొనుక్కోమన్నారు. బెండ విత్తనాలు అప్పటికే ఇంటికి వచ్చాయి. మృగశిర వానలు పడేలోగా నేల సిద్ధం కావాలి. కొత్త ఇంజనుకు డబ్బు కావాలంటే కుమారుణ్ణి అడగాలి. అది ఆయనకు ఇష్టం లేదు. "మెయింటెనెన్సులో ఇన్నేళ్ళున్నావు, ఒకసారి చూడవయ్యా" అన్నారు.

అది హోండా జి.ఎక్స్.160 ఇంజను. ఒకే సిలిండరు, నాలుగు స్ట్రోకులు, పెట్రోలుతో నడుస్తుంది. సిలిండరు వ్యాసం 68 మి.మీ., పిస్టన్ నడక 45 మి.మీ., మొత్తం ఘనపరిమాణం 163 సి.సి. సామాన్యమైన పనిముట్లతో విప్పదగిన యంత్రమే. నీలిపొగ అంటే రింగులను దాటి ఆయిలు పైకి వచ్చి మండుతున్నదని అర్థం. హెడ్డు విప్పి సిలిండరులో వేలు పెట్టి తడిమాను. నున్నగా, అద్దంలా మెరుస్తున్నది. "బాగానే ఉంది, రింగులు మారిస్తే సరి" అనుకున్నాను. కొత్త రింగులు వేసి బిగించాను. మూడవ రోజున మళ్ళీ అదే పొగ. బావగారు నన్ను ఏమీ అనలేదు. విత్తనాల సంచి వంక మాత్రం ఒకసారి చూశారు.

ఇంజను మళ్ళీ వరండాకు వచ్చింది. పదవ తరగతి పరీక్షలు వ్రాసి ఇంట్లో ఉన్న మా అమ్మాయి, "లోపల ఎంత అరిగిందో కొలిచారా నాన్నగారూ?" అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను. కర్మాగారంలో కొలవకుండా ఒక్క బేరింగు కూడా ఎక్కించనివ్వని నేను, ఇంటి వద్ద వేలిని నమ్ముకున్నాను.

బోర్ గేజ్ మా ఇంట లేదు. ఫీలర్ గేజ్ ఉంది, అది చాలు. కొత్త రింగును సిలిండరు అడుగున, పిస్టన్ రింగులు చేరని చోట పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా నిలిపాము. రింగు కొసల మధ్య సందు 0.30 మి.మీ. ఉంది. అదే రింగును పైకి, అరుగుదల ఎక్కువగా ఉండే చోటికి జరిపితే 0.95 మి.మీ. వచ్చింది. సందుకు అనుమతించిన హద్దు 1.0 మి.మీ. కనుక "పాసయింది" అనబోయాను. అమ్మాయి కాగితం తీసింది. వ్యాసం పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు పెరుగుతుంది. సందులో తేడా 0.65, దానిని 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 0.20 మి.మీ. పెరిగినట్లు. అంటే సిలిండరు 68.20 మి.మీ. అయింది. హద్దు 68.165. పదవ తరగతి లెక్క నా అనుభవాన్ని సరిదిద్దింది.

అరుగుదలకు కారణం ఎయిర్ ఫిల్టరులో దొరికింది. లోపలి స్పాంజి చిరిగిపోయి ఉంది. ఎండిన నేల దుమ్ము ఆ దారినే వెళ్ళి, ఆకురాయిలా సిలిండరును తినివేసింది. ఆ స్పాంజిని మార్చకుండా ఇంజనును ఎన్నిసార్లు బాగుచేసినా ఫలితం ఉండదు.

సిలిండరును దుర్గ్‌లో ఒక లేత్ షాపులో 0.50 మి.మీ. పెద్ద పిస్టనుకు సరిపడా బోరింగు, హోనింగు చేయించాము. మిగిలినదంతా ఇంటి పనే. ఇందులో మరువరానివి ఇవి:

ఏ పని మొదలుపెట్టినా ముందుగా ప్లగ్గు తీగ ఊడదీయాలి. కర్మాగారంలో షట్‌డౌన్ తీసుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. పెట్రోలును వంటగది దరిదాపులకు రానీయరాదు.

హోనింగు చేసిన సిలిండరును కిరసనాయిలుతో తుడిచి ఊరుకోరాదు. వేడినీళ్ళు, సబ్బుతో తోమి, తెల్లగుడ్డకు మసి అంటనంతవరకు కడగాలి. ఆరిన వెంటనే ఆయిలు రాయాలి.

రింగుల మీది గుర్తు పైకి ఉండాలి. వాటి సందులు ఒకే వరుసలో రాకూడదు.

క్రాంకు, క్యామ్ పళ్ళచక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా కలవాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వులు వేళకు తెరుచుకోవు.

వాల్వుల సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి: గాలి లోనికి వచ్చే వాల్వుకు 0.15, పొగ పోయే వాల్వుకు 0.20 మి.మీ. హెడ్డు బోల్టులను ఐమూలగా, కొద్దికొద్దిగా బిగించాలి.

తాజా ఆయిలు పోసి తాడు లాగాము. ఈసారి తాడు ఎదురు తిరిగింది. ఆ బరువు చేతికి ఎంత హాయిగా ఉన్నదో చెప్పలేను. మూడవ లాగుకు ఇంజను అందుకుంది. పొగ లేదు. తొలి వానకు రెండు రోజుల ముందు బావగారి నేల దున్నడం పూర్తయింది.

1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుండి మన భిలాయి బ్రతుకంతా కొలత మీదనే నడిచింది. మనం చుట్టే పట్టాల మీద దేశం ప్రయాణిస్తున్నది. ఆ అలవాటును గేటు దగ్గర విడిచి ఇంటికి రావద్దని నా మనవి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఫీలర్ గేజ్ వారి చేతికే ఇవ్వండి. బెండ కాపుకు వచ్చాక బావగారు పంపిన తొలి సంచి మీద మా అమ్మాయి పేరు వ్రాసి ఉంది. నా పేరు లేదు. అదే న్యాయం.

వచ్చే సంచికలో: టేబుల్ ఫ్యాను ఎందుకు మూలుగుతుంది?