కట్టిన చేతులే విప్పాలి

ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరంలో కింగ్స్ ఇన్స్ అనే ప్రాచీన న్యాయవిద్యాసంస్థ ఉన్నది. దాని ఉద్యానవనంలోని ఒక లండన్ ప్లేన్ వృక్షాన్ని చూడటానికి యాత్రికులు పనిగట్టుకొని వెళుతుంటారు. ఆ చెట్టు మొదట్లో ఎన్నడో వేసిన పోత ఇనుప బల్ల ఒకటి కొంత భాగం మాను లోపలికి చేరిపోయింది. చూసేవారికి చెట్టు నోరు తెరచి బల్లను నములుతున్నట్లే తోస్తుంది. అందుకే ఆ వృక్షానికి ‘ఆకలిగొన్న చెట్టు’ అనే పేరు స్థిరపడింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన వషాన్ ద్వీపంలో మాను మధ్య ఇరుక్కున్న సైకిలుకూ ఇటువంటి ప్రసిద్ధే ఉన్నది. ముళ్ళతీగలను, సూచిక పలకలను, గొలుసులను తమలో దాచుకున్న చెట్లు ఏ దేశంలోనైనా కనిపిస్తాయి.

ఇటువంటి దృశ్యాలు చూసిన వెంటనే ఎవరికైనా కలిగేది మెప్పు. చెట్టు ఎంత సహనశీలి, ఇనుమునైనా తనలో కలుపుకొని పెరుగుతుంది కదా అని ముచ్చటపడతారు. ఆ మెప్పులో ఒక పొరపాటు ఉన్నది. ఆ పొరపాటు కేవలం ఊహకు సంబంధించినదైతే దానిని గురించి చర్చ అక్కరలేదు. కాని, చెట్టు దేనినైనా ఓర్చుకుంటుందన్న నమ్మకంతోనే మనుషులు దానికి మేకులు కొడుతున్నారు, తీగలు చుడుతున్నారు, ఇనుప కంచెలు బిగించి మరచిపోతున్నారు. అందుచేత అసలు జరుగుతున్నదేమిటో తెలుసుకోవడం అవసరం.

మాను మధ్యభాగంలో ఉండేది చేవ. దాని చుట్టూ వేళ్ళనుండి ఆకులకు నీటిని చేరవేసే లేతకొయ్య, ఆపైన బెరడు ఉంటాయి. కొయ్యకూ బెరడుకూ నడుమ కంటికి సరిగా ఆనని పలుచని పొర ఒకటి ఉన్నది. తెలుగు వృక్షశాస్త్ర గ్రంథాలు దానిని విభాజ్య కణావళి అంటాయి. కేంబియం అన్నది దాని అంతర్జాతీయ నామం. మాను లావెక్కడమంతా ఈ పొర చలవే. ఇది లోపలి వైపుకు కొయ్య కణాలను, వెలుపలి వైపుకు లోబెరడు కణాలను పుట్టిస్తూ, తాను ఏటికేడు వెలుపలికి జరుగుతూ ఉంటుంది. అంటే చెట్టు ప్రతి సంవత్సరం పాత చొక్కాపై కొత్త చొక్కా తొడుక్కున్నట్లు ఒక్కొక్క పొర పెరుగుతుంది.

ఈ సంగతి గ్రహిస్తే ‘మింగడం’ అనే మాట ఎంత అసంగతమో తెలుస్తుంది. మానుకు కొట్టిన మేకు లోపలికి పోదు. అది ఏ చోట దిగిందో ఆ చోటనే ఉంటుంది. చెట్టే దానిని దాటి బయటికి వస్తుంది. అదేవిధంగా, ఇనుప బల్ల మానుకు తగిలినప్పుడు ఆ ఒత్తిడికి స్పందించి విభాజ్య కణావళి దాని ఇరుపక్కలా అధికంగా కొయ్యను పెంచుతుంది. ఆ కొయ్య పెదవుల మాదిరిగా ఉబ్బి, వస్తువు మీదుగా పొర్లి, ఏనాటికో ఒకదానితో ఒకటి కలుసుకుంటుంది. రెండు అంచుల బెరడూ నలిగి తొలగిపోతే లోపలి పొరలు ఏకమవుతాయి. అప్పటినుండి వస్తువు మాయమైనట్లే కనిపిస్తుంది.

మరొక అపోహ కూడా ఉన్నది. చెట్టు పెరిగేకొద్దీ దానికి తగిలించిన వస్తువు పైకి లేస్తుందని చాలామంది అనుకుంటారు. వషాన్ ద్వీపపు సైకిలు విషయంలో వ్యాపించిన కథ ఇదే: 1914లో యుద్ధానికి వెళుతూ ఒక యువకుడు దానిని చెట్టుకు ఆనించి వెళ్ళాడని, తిరిగి రాలేదని, చెట్టు దానిని పైకెత్తిందని చెప్పుకుంటారు. కథ హృదయాన్ని తాకేదే. కాని ఆ సైకిలు అంత పాతది కాదు. అది తరువాతి కాలపు పిల్లల సైకిలు. పైగా చెట్లు పొడవు పెరిగేది కొసల వద్ద మాత్రమే. నేలకు నాలుగడుగుల ఎత్తున కొట్టిన మేకు నలభై ఏళ్ళ తరువాత కూడా నాలుగడుగుల ఎత్తుననే ఉంటుంది.

ఈ ఏర్పాటు అన్ని చెట్లకూ లేదు. కొబ్బరి, తాటి, ఖర్జూర వృక్షాలు ఏకదళబీజాలు. వాటికి వేప, మామిడి చెట్లకున్నటువంటి విభాజ్య కణావళి ఉండదు. అందువల్ల కొబ్బరిచెట్టు ఎక్కేందుకు మెట్లుగా పెట్టిన గాట్లు దాని జీవితాంతం అలాగే ఉండిపోతాయి. మేకును కప్పుకునే శక్తి దానికి లేదు. గల్ఫ్ దేశాల వీధులలో ఖర్జూరపు మానులకు దీపాల తోరణాలను మేకులతో బిగించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక గాయం విషయం. మనిషి చర్మం తెగితే చెడిన కణజాలం స్థానంలో కొత్త కణజాలం పుట్టి గాయం మానుతుంది. చెట్టుకు అటువంటి వరం లేదని అమెరికా అటవీశాఖకు చెందిన శాస్త్రవేత్త అలెక్స్ షైగో నిరూపించారు. ఆయన ఎన్నో చెట్లను రంపంతో నిలువునా కోయించి, గాయాల చుట్టూ ఏమి జరుగుతున్నదో పరిశీలించి, 1977లో తన సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించారు. దాని ప్రకారం చెట్టు గాయపడిన భాగాన్ని బాగుచేయదు. చుట్టూ గోడలు కట్టి వెలివేస్తుంది. పైకీ కిందికీ పోయే నాళాలను పూడ్చివేయడం మొదటి గోడ. లోపలి వైపుకు వార్షిక వలయాలు రెండవది, పక్కలకు కిరణ కణాలు మూడవది. గాయమైన తరువాత విభాజ్య కణావళి కొత్తగా నిర్మించే పొర నాలుగవది. అన్నింటిలోకీ అదే బలమైనది. శిలీంధ్రాలు మొదటి మూడు గోడలనూ ఛేదించవచ్చు గాని నాలుగవ దానిని దాటి కొత్త కొయ్యలోకి రావడం కష్టం. మాను లోపల తొర్రపడినా వెలుపల పచ్చగా నిలిచే చెట్ల రహస్యం ఇదే.

కనుక పైకి నున్నగా కనిపించే మాను లోపల పాత గాయం అలాగే ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలైలో గెటిస్‌బర్గ్ వద్ద ఘోర సంగ్రామం జరిగింది. ఆ రణభూమిలో కల్ప్స్ హిల్ అనే గుట్టపై కూలిన ఓక్ వృక్షాన్ని 2011లో కోస్తుండగా దాని లోపల నాటి తుపాకి గుండ్లు బయటపడ్డాయి. దాదాపు నూట యాభై సంవత్సరాలు చెట్టు వాటిని కప్పి ఉంచింది గాని కరిగించలేదు. కోత మిల్లులలో దుంగలను లోహశోధక యంత్రాలతో పరీక్షించేది కూడా ఇందుకే. కనబడని మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్ళు విరిగి కార్మికుని ప్రాణానికే ముప్పు రావచ్చు.

అయినప్పటికీ ఒకచోట దిగిన మేకును గాని, ఒక పక్కన తగిలిన బల్లను గాని బలమైన చెట్టు తట్టుకోగలదు. చుట్టూ బిగిసిన తీగ సంగతి వేరు. ఆకులలో తయారైన ఆహారం లోబెరడు గుండానే వేళ్ళకు దిగుతుంది. పదిహేడవ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీజీ కాండం చుట్టూ ఉంగరంలా బెరడు తొలగించి చూస్తే, ఆ ఉంగరానికి పైభాగం ఉబ్బింది. కిందికి దిగవలసిన ఆహారం అక్కడ ఆగిపోవడమే దానికి కారణం. మానును చుట్టిన ఇనుప తీగ కూడా కాలక్రమాన అదే పని చేస్తుంది. మాను లావెక్కుతుంది, తీగ సాగదు. నీటిని మోసే కొయ్య లోపల ఉన్నది కాబట్టి ఆకులు కొంతకాలం పచ్చగానే కనిపిస్తాయి. వేళ్ళు దాచుకున్న ఆహారంతో కాలం వెళ్ళబుచ్చుతాయి. చూసేవారు చెట్టు సుఖంగా ఉన్నదనే భావిస్తారు. అది వాడిపోయేనాటికి చేయగలిగినది సాధారణంగా ఏమీ మిగలదు. ఒకవేళ తీగ మీదుగా పైబెరడూ కిందిబెరడూ కలుసుకొని చెట్టు బ్రతికినా, ఆ చోట మాను బలహీనమై గాలివానకు విరగవచ్చు.

ప్రవాస తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో సన్నిహిత సంబంధం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో తమ స్వగ్రామాలకు, చదువుకున్న పాఠశాలలకు మొక్కలు నాటించడానికి విరాళాలు ఇవ్వడం ఎంతో కాలంగా వస్తున్న మంచి సంప్రదాయం. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం వేప, కానుగ, రావి మొక్కలు నాటించి, మేకలు తినకుండా వాటి చుట్టూ ఇనుప ట్రీగార్డులు పెట్టిస్తారు. వాటిపై దాత పేరు రాసిన పలక బిగిస్తారు. ప్రారంభోత్సవం రోజున ఫొటోలు తీస్తారు. ఆ తరువాత ట్రీగార్డు సంగతి ఎవరికీ పట్టదు. మొక్క నాటే ఖర్చు లెక్కలో ఉంటుంది, కంచె ఖర్చు ఉంటుంది, పలక ఖర్చూ ఉంటుంది. కంచె తీసే ఖర్చు మాత్రం ఉండదు. కొన్నేళ్ళకు మాను ఇనుప కమ్మీలకు తగిలి, వాటి మీదుగా పొర్లి, దాత పేరుతో సహా పలకను కప్పడం మొదలుపెడుతుంది. ఊరివారు దానిని వింతగా చూస్తారు. నిజానికి అది వింత కాదు, నిర్లక్ష్యానికి నిలువెత్తు సాక్ష్యం.

కంచె అసలే వద్దని వాదించడం అవివేకం. పశువులు తిరిగే వీధిలో కంచె లేని మొక్క ఒక్క వారం కూడా నిలవదన్న గ్రామస్థుల మాట అక్షరాలా నిజం. ఇనుము ఖరీదైనది కాబట్టి తీసిన ట్రీగార్డును మరొక మొక్కకు వాడుకోవచ్చునన్నది కూడా అంతే నిజం. తీయకపోవడానికి అసలు కారణం అది ఎవరి పనో ఎవరూ నిర్ణయించకపోవడమే. పంచాయతీ అది దాతల సొత్తు అనుకుంటుంది. దాతలు సముద్రాలకు ఆవల ఉంటారు. దాత పేరున్న కంచెను తొలగిస్తే మర్యాదగా ఉండదని ఊరివారు సంకోచిస్తారు. ఆ సంకోచాన్ని పోగొట్టగలవాడు దాత ఒక్కడే.

విదేశాలలోని ఇళ్ళ పెరడులలోనూ పరిస్థితి భిన్నంగా లేదు. గృహప్రవేశం నాడు ముచ్చటపడి నాటిన మొక్కకు ఊతకర్ర కట్టి, ఆ కట్టును ఏళ్ళ తరబడి విప్పనివారు ఎందరో ఉన్నారు. దీపావళికి కొమ్మలకు చుట్టిన దీపాల తీగలు తరువాతి దీపావళి వరకూ అలాగే ఉంటాయి. ఉయ్యాల గొలుసులు పిల్లలు పెద్దవారై కళాశాలలకు వెళ్ళినా కొమ్మలను వదలవు. ఊతకర్ర ఎక్కువకాలం ఉంటే బలం చేకూరుతుందని అనుకోవడమూ పొరపాటే. గాలికి ఊగే కాండమే లావెక్కి గట్టిపడుతుందని 1803లోనే ఇంగ్లండుకు చెందిన థామస్ ఆండ్రూ నైట్ తన ప్రయోగాలతో చూపారు. ఆయన ఆపిల్ మొక్కలను ఒక దిశలో మాత్రమే ఊగేట్లు కట్టగా, కాండం ఆ దిశలోనే ఎక్కువ లావెక్కింది. అందువల్లనే నాటిన ఏడాదికి ఊతకర్రను తీసివేయమని వృక్షసంరక్షకులు సలహా ఇస్తారు.

కాబట్టి చేయవలసినది పెద్ద పనేమీ కాదు. మొక్కలు నాటించే ప్రతి దాతా, ప్రతి తెలుగు సంఘమూ విరాళంలో కొంత భాగాన్ని కంచె తీయించడానికే ప్రత్యేకించాలి. పలకపై దాత పేరుతో పాటు కంచె తీయవలసిన సంవత్సరాన్ని కూడా చెక్కించాలి. ఆ బాధ్యతను గ్రామంలో ఒక వ్యక్తికో, పాఠశాలకో స్పష్టంగా అప్పగించాలి. స్వగ్రామానికి వెళ్ళినప్పుడు తాము నాటించిన చెట్టు పక్కన ఫొటో తీసుకోవడంతో సరిపెట్టక, మానుకూ కమ్మీకీ నడుమ చెయ్యి పడుతుందో లేదో చూడాలి. చెయ్యి పట్టకపోతే కంచెకు కాలం తీరినట్లే. ఇప్పటికే మానులోకి దిగిన ఇనుమును లాగి తీయబోతే కొత్త గాయమవుతుంది. అందుచేత వెలుపల కనిపించినంత మేరకు కోసివేసి, లోపలి ముక్కను వదిలివేయడమే మేలు. దానిచుట్టూ గోడ కట్టుకునే పని చెట్టు చూసుకుంటుంది.

చెట్టు అరవదు, కదలదు, కట్టిన కట్టును తెంచుకోలేదు. దానికి చేతనైనదల్లా ఉన్న ఇనుము మీదుగానే పెరగడం. ఆ పెరుగుదలను చూసి మనుషులు దాని అంగీకారమని భ్రమిస్తున్నారు. మొక్కకు కంచె కట్టిన చేతులు చల్లనివే, సందేహం లేదు. కాని ఆ చేతుల పని కట్టడంతో సగమే పూర్తయింది. మిగిలిన సగం కొన్నేళ్ళ తరువాత అదే చోటికి తిరిగి వచ్చి, కట్టినదానిని విప్పిననాడు పూర్తవుతుంది.