అందరికీ మొదటి బంతే కావాలా?

మన పెళ్ళిళ్ళలో భోజనాల వేళ తరచుగా కనిపించే దృశ్యమే. నూరు విస్తళ్ళు పట్టే పందిట్లో నాలుగువందలమంది ఒకేసారి మొదటి బంతికి ఎగబడితే వడ్డించేవారికి అడుగు వేసే చోటు ఉండదు. ఎవరి ఆకులోనూ అన్నం పడదు. అనుభవజ్ఞుడైన పెళ్ళిపెద్ద అటువంటప్పుడు ఎవరినీ వెళ్ళగొట్టడు. పిల్లలను, వృద్ధులను, రైలు అందుకోవలసినవారిని ముందు కూర్చోబెట్టి, తక్కినవారిని "రెండవ బంతికి దయచేయండి" అని వేడుకుంటాడు. కంప్యూటరు విషయంలో మనం ఈపాటి లోకజ్ఞానం చూపడం లేదన్నదే నా అభియోగం.

2019 డిసెంబరులో తెనాలి వెళ్ళినప్పుడు, అక్కడ ఒంటరిగా ఉంటున్న మా నాన్నగారు మెల్లగా ఒక మాట అన్నారు: "నాకు చెముడు వచ్చినట్లుందిరా. రెండు ఆదివారాలుగా మనుమరాలి మాట వినబడలేదు." ఆయన మాట మాకు వినబడకపోతే మైకు చెడిందని మేమనుకున్నాం, మా మాట వినబడకపోతే తన చెవులు పోయాయని ఆయన అనుకున్నారు. నిజానికి రెండూ కావు. ఆయన పాత కంప్యూటరు తెరచిన పది నిమిషాలకు గాని మాట వినేది కాదు. దానికి వేగం తెప్పిస్తానని వచ్చిన కుర్రవాడొకడు, విండోస్‌లో తెరవెనుక నడిచే సర్వీసులను తోచినట్లు ఆపివేశాడు. వాటిలో ధ్వనిని పలికించే విండోస్ ఆడియో ఒకటి. భద్రతా సవరణలను తెచ్చే విండోస్ అప్‌డేట్ మరొకటి. పరుగు నేర్పబోయి నోరు నొక్కినట్లయింది.

అసలు జరిగేదేమిటి? విండోస్ మేలుకొనగానే సర్వీస్ కంట్రోల్ మేనేజర్ అనే భాగం, 'ఆటోమేటిక్' అని గుర్తు పెట్టిన సర్వీసులన్నిటినీ వరుసగా పిలుస్తుంది. పాత యంత్రాలలోని హార్డ్ డిస్కు ఒక తిరిగే పళ్ళెం. చెల్లాచెదరుగా ఉన్న ఒక్కొక్క సమాచార శకలాన్ని అందుకోవడానికి దానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు ఏ నూరో. పదుల సర్వీసులు ఒక్కసారిగా చేయి చాచితే, డిస్కుకు చదవడం కంటే అటూ ఇటూ పరుగెత్తడమే ఎక్కువవుతుంది. పైగా, పిలిచిన సర్వీసు మామూలుగా 30 సెకన్లలోపల పలకకపోతే అది విఫలమైనట్లే మేనేజరు లెక్క వేస్తుంది. సమర్థుడైన పనివాడు కూడా రద్దీ మూలంగా గైర్హాజరు కింద జమ అవుతాడన్నమాట.

దీనికి మందు 2007లో గృహాలకు అందిన విండోస్ విస్టాతోనే వచ్చింది. దాని పేరు 'ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్'. ఈ గుర్తు ఉన్న సర్వీసులు, మొదటి బంతి ముగిసిన తరువాత మరి రెండు నిమిషాలు ఆగి మొదలవుతాయి. మొదలయ్యేటప్పుడు కూడా తక్కువ ప్రాధాన్యంతో, ఒదిగి ఒదిగి. ఫైళ్ళకు సూచిక తయారుచేసే విండోస్ సెర్చ్‌ను మైక్రోసాఫ్ట్ వారే ఈ వరుసలో కూర్చోబెట్టారు. రసాయన శాస్త్రజ్ఞునిగా నాకు ఈ ఉపాయం కొత్త కాదు. గాఢ గంధకామ్లాన్ని నీటిలోకి కొద్దికొద్దిగా కలుపుతాం. ఒక్కసారిగా కుమ్మరిస్తే అదే ఆమ్లం, అదే నీరు, మరిగి ముఖాన చిందుతాయి. పదార్థాలు మారలేదు, కలిపిన తీరు మారింది.

నాన్నగారి యంత్రంలో ముందుగా, ఆపివేసినవాటిని యథాస్థితికి తెచ్చాను. ఆ తరువాత ప్రింటరు వంటివాటికి కొత్త కూర్పులను వెదకే సర్వీసులు నాలుగింటిని రెండవ బంతికి పంపాను. పది నిమిషాల నిరీక్షణ నాలుగుకు దిగింది. ఎవరైనా చేయదగిన పనే ఇది. విండోస్ మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి 'సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సి' అని టైపు చేస్తే జాబితా కనిపిస్తుంది. అందులో స్టార్టప్ టైప్ మార్చవచ్చు. అయితే ప్రయోగశాల నియమం పాటించండి: ఒకసారికి ఒక్క మార్పే, అదీ పుస్తకంలో వ్రాసుకొని. వైరస్ నిరోధకాన్ని, ఫైర్‌వాల్‌ను, ఆడియోను, నెట్‌వర్కును ముట్టవద్దు. మరొక ఆటోమేటిక్ సర్వీసు దేని మీద ఆధారపడి ఉందో, దానిని వాయిదా వేసినా ప్రయోజనం లేదు. తన మీద ఆధారపడినదాని కోసం అది ముందే లేస్తుంది.

కొత్తది కొనక ఈ తంటాలెందుకని మిత్రులు అంటారు. తిరిగే పళ్ళెం లేని ఎస్‌ఎస్‌డి యంత్రాలలో ఈ ఉపాయం వల్ల కలిగే లాభం స్వల్పమే, ఒప్పుకుంటాను. కాని ఎవరు ముందు, ఎవరు వెనుక అని నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్న కొత్త యంత్రంలోనూ మిగిలే ఉంటుంది. తయారుచేసే ప్రతి సంస్థా తన సర్వీసే ముఖ్యమని భావించి, యజమానిని అడగకుండానే మొదటి బంతిలో ఆకు వేసుకుంటోంది. ఇది మర్యాద కాదు. అడగవలసిన బాధ్యత వారిది. అడగనప్పుడు సరిదిద్దుకోవలసిన బాధ్యత మనది.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు కన్నవారి కంప్యూటరు ముందు ఒక అరగంట కూర్చోండి. ఏ సర్వీసు ఎందుకో వారికి వివరించండి. ఏది ముందు కావాలో వారినే అడగండి. మా నాన్నగారు కోరినది ఒక్కటే, మనుమరాలి గొంతు ముందు రావాలని. ప్రింటరు సంగతి ఎప్పటికైనా ఫరవాలేదన్నారు.