షరతుల కాగితం బీరువాలో ఉంటే చాలదు

ఖతార్‌లోని రాస్ లఫాన్ నుంచి సముద్రం అడుగున 364 కిలోమీటర్లు వచ్చి, అబుదాబిలోని తవీలా దగ్గర ఒడ్డెక్కుతుంది డాల్ఫిన్ గ్యాస్ పైపులైను. 48 అంగుళాల పైపు. 2007లో గ్యాస్ వచ్చింది. 2017 జూన్‌లో ఈ రెండు దేశాలకూ చెడి విమానాలు ఆగిపోయాయి. 2021 జనవరిలో రాజీ కుదిరేదాకా అదే పరిస్థితి. గ్యాస్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపలేదు. ఒకసారి వేసిన పైపు ఎంతకాలం, ఎంతమందికి ఆధారమవుతుందో ఇదే సాక్ష్యం.

అందుకే ఇలాంటి లైనుకు ముందు చూసుకోవలసినవి చాలా ఉంటాయి. పగడపు దిబ్బలను తప్పించి దారి ఎటు తీయాలి, తుప్పు పట్టకుండా ఏ పూత వేయాలి, నీళ్ళలో తేలకుండా ఎంత మందం కాంక్రీటు తొడగాలి అన్నవి డిజైనులో తేలుతాయి. ఆపైన పర్యావరణ అనుమతి. రెండు దేశాలైతే రెండు చట్టాలు, ఇద్దరు అధికారుల సంతకాలు. అనుమతి వెనకే షరతులు వస్తాయి. వాటిని రాసేది ఆఫీసుల్లో, అమలు చేసేది మాత్రం సైటులో ఉన్న మనమే.

వేరే లైను మీద మాకు ఎదురైన సంగతి చెబుతాం. పైపును నీళ్ళతో నింపి ఒత్తిడి పరీక్ష చేశాం. ఆ నీళ్ళలో తుప్పు పట్టకుండా మందులు కలుపుతారు. గడువు దగ్గర పడింది, రాత్రికి రాత్రే ట్యాంకర్లతో ఎడారిలో పారబోయమన్నారు. "సార్, ఇవి మామూలు నీళ్ళేనా?" అని అడిగాడు కరీంనగర్ డ్రైవరు. మాకూ తెలియదు. ఇంగ్లీషు, అరబ్బీల్లో ఉన్న షరతుల కాగితం బీరువాలోంచి తీయించి చదివితే, అలా వదలకూడదని ఉంది. పని ఆపాం, మాటలు పడ్డాం. కానీ అప్పటికే రెండు ట్యాంకర్లు వెళ్ళిపోయాయి.

"ఇవన్నీ పెద్దోళ్ళ వ్యవహారాలు, మనకెందుకు" అనేవాళ్ళు కోనసీమలోని నగరం గ్రామాన్ని గుర్తు చేసుకోవాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు కలిసిన గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. కాగితంలో ఒకటి, పనిలో ఇంకొకటి అయితే మూల్యం చెల్లించేది పైపు పక్కనున్న మనుషులే.

మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. అనుమతి షరతులను ఒక్క పేజీలో తెలుగు, హిందీ, ఉర్దూ, బెంగాలీల్లో రాసి సైటులో అంటించాలి. పొద్దున్నే జరిగే టూల్‌బాక్స్ టాక్‌లో హెల్మెట్ గురించి చెప్పినట్టే దీన్నీ చదివి వినిపించాలి. డిప్లొమా చదివి సూపర్‌వైజర్లయిన మన తెలుగువాళ్ళు గల్ఫ్‌లో ఎందరో ఉన్నారు. కంపెనీ చెప్పేదాకా ఆగకుండా మనమే అడుగుదాం. ఆ డ్రైవరు అడిగిన ప్రశ్న నిజానికి ముందు మనం అడగాల్సింది.